చలికాలం పరిచర్యకు అమ్మానాన్నల్ని వెళ్లనివ్వు

బాబూ,

క్రిస్మస్ నెల మొదలుకొని ఫిబ్రవరి దాకా గిద్దలూరు వైపు ఒక పల్లె సంఘంలో ఉండి పరిచర్య చేస్తామని మీ అమ్మానాన్నలు అంటే నువ్వు ఒప్పుకోవడం లేదు. అరవై దాటినవాళ్లు, చలికాలం, నల్లమల పక్క ఊరు. నీ భయం న్యాయమైనదే. అయినా వెళ్లనివ్వమనే చెబుతాను. ఆ ఊళ్లకు ఇప్పుడు కావలసింది వచ్చిపోయే ప్రసంగీకులు కాదు, నాలుగు రోజులు నిలిచి ఉండే పెద్దవాళ్లు. అందుకు చలికాలాన్ని మించిన కాలం లేదు.

మన ప్రాంతపు సంఘ చరిత్రే చూడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఎండలు తగ్గాక బండ్ల మీద డేరాలు వేసుకుని ఊళ్లు తిరిగేవారు. వాళ్లలో జువెట్ దంపతులు ముగ్గురు నెల్లూరు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది 1854 జనవరి 1 తెల్లవారుజామున. దొరలు చేసింది తక్కువేమీ కాదు గానీ, నువ్వు ముఖ్యంగా చూడవలసింది ఎర్రగుంట్ల పేరయ్యను. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ ఆయన. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకుని సొంత ఊరు తాళ్లకొండపాడుకే తిరిగి వెళ్లాడు. 1867 జనవరిలో మిషనరీ క్లౌ దొర ఆ ఊరు చేరేసరికి చుట్టుపక్కలవాళ్లు కొన్నాళ్లకు సరిపడా తిండి మూటగట్టుకుని వచ్చి చింతతోపులో దిగారు. 28 మంది బాప్తిస్మం పొందారు. దొరకు అప్పటికి ముప్ఫై ఏళ్లు, దేశానికి కొత్త. పేరయ్య వయసులో ఆయనకంటే పెద్ద. ఆ జనాన్ని తోపుకు రప్పించింది, అంతకుముందు నెలల తరబడి పేరయ్య వాళ్ల మధ్యే ఉండి చెప్పిన మాట. భార్యాభర్తలిద్దరూ ఒకే విశ్వాసం మీద నిలబడటం కూడా ఆ మాటకు బలమైందనే నా నమ్మకం. కంభంలో 1882లో, మార్కాపురంలో 1895లో మిషన్ స్టేషన్లు వచ్చాయి. వాటి కింద పల్లెల్లో సంఘాల్ని నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి స్థానికులే.

ఇక ఈనాటి సంగతి. సంక్రాంతి దాటిందంటే గుంటూరు వైపు మిరపకాయ కోతలు ఊపందుకుంటాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఇళ్లవాళ్లు మూటాముల్లె సర్దుకుని బయలుదేరతారు. ఇంకొందరు హైదరాబాదు, బెంగళూరుల్లో కట్టుబడి పనులకు పోతారు. ఇంట్లో ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు మిగులుతారు. ఫ్లోరైడు నీళ్లు తాగి మోకాళ్లు బిగుసుకుపోయిన అవ్వ ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో మనవరాలి భుజం పట్టుకుంటే గానీ లేవలేదు. ఆ మనవరాలికి ఎక్కాలు చెప్పేవాళ్లెవరు? అవ్వకు బీపీ మాత్ర వేళకు గుర్తుచేసేవాళ్లెవరు? ఈ పని కుర్రవాళ్లు చేయలేరా అని అడుగుతావు. చేయగలరు. కానీ చేవగల కుర్రవాళ్లు కూడా ఆ నెలల్లో కూలికే పోతారు. సంఘకాపరి ఒక్కడు మూడు నాలుగు ఊళ్లు చూసుకోవాలి. బడిలో జీవితమంతా పనిచేసి రిటైరైన మీ అమ్మానాన్నల చేతిలో తీరిక ఉంది, పిల్లలకు చదువు చెప్పే ఓర్పు ఉంది.

సేవ పేరుతో మతం మార్చడానికి వచ్చారంటారేమో అన్నావు. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యకూడదు. 1876–78 కరువులో అన్నం కోసం వస్తున్నారన్న మాట పడకూడదని క్లౌ దొర సహాయం పంచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సహాయం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. అంతమందీ ఒకే మనసుతో వచ్చారా అన్న ప్రశ్న అప్పుడూ పుట్టింది, ఇప్పుడూ ఉంది. అయినా ఆయన గీసుకున్న గీత సరైనదే. మీ వాళ్లూ అదే పాటించాలి. సాయంత్రం చదువుకు ఏ ఇంటి పిల్లలైనా రావచ్చు, ప్రార్థనకు కూర్చోవాలన్న షరతు ఉండకూడదు. ఆదివారం ఆరాధన ఆదివారానిదే.

కొడుకు చూడక పంపేశాడని నలుగురూ అనుకుంటారన్న దిగులు నీకు లోపల ఉంది. ఇంట్లో టీవీ ముందు కూర్చోబెడితే ఎవరూ ఏమీ అనరు, నిజమే. కానీ నలుగురి నోటికి జడిసి ఇద్దరి సంకల్పాన్ని ఆపడం ప్రేమ కాదు. ఆరోగ్యం మాట వేరు, అక్కడ మాత్రం రాజీ పడొద్దు. బోరు నీళ్లు ముట్టకూడదు, క్యాను నీళ్లే తాగాలి. మంచు విడిచాకే బయటికి అడుగుపెట్టాలి. ఒంట్లో తేడా చేస్తే మొండికెయ్యకుండా గిద్దలూరు ఆసుపత్రికి రావాలి. ఈ మూడింటికీ వాళ్ల దగ్గర మాట తీసుకో.

మూడు నెలలకు సరిపడా మందులు, రెండు మంచి రగ్గులు కొనిపెట్టి, గుంటూరు–నంద్యాల లైన్లో గిద్దలూరుకు టికెట్లు నువ్వే తియ్యి. సంక్రాంతి సెలవులకు పిల్లల్ని తీసుకుని నువ్వూ వెళ్లి రెండు రోజులు ఉండిరా.

ఇట్లు,
మీ పెదనాన్న