హాస్యం వంతను తొందరగా ఓడనివ్వకు

చి. అమ్మడికి,

దీవిసీమ ఉప్పెన మీద నువ్వు కట్టిన బుర్రకథ చదివాను. 1977 నవంబరు 19న సముద్రం 5 మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడడం, కనీసం 10 వేల ప్రాణాలు పోవడం గుండె పిండేలా రాశావు. జనం ఏడుస్తారు. ఏడ్చి, ఇంటికెళ్లి పడుకుంటారు. రేపు హెచ్చరిక వచ్చినప్పుడు వాళ్లు ఇల్లు కదిలితేనే నీ కథ పండినట్టు.

కదలకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. పోయినసారి వెళ్లమన్నారు, గాలైనా వీయలేదు. పడవనూ వలలనూ ఎవరు చూస్తారు? గేదెను విప్పి వదిలితే మళ్లీ దొరుకుతుందా? వీటికి కథకురాలివై నువ్వే జవాబిస్తే ఉపన్యాసమైపోతుంది. ఈ కారణాలన్నీ నీ పక్కన నిలబడి నవ్వించే హాస్యం వంత నోట పలికించు. ఊరి మొండితనమంతా అతనిదే కావాలి. రాజకీయం చెప్పే వంత అతనితో వాదిస్తాడు. అయితే హాస్యగాడు అంత తేలిగ్గా ఓడిపోకూడదు సుమా! పథకాల ప్రచారం కోసం చెప్పించే కథల్లో అతను మూడో మాటకే తలూపేస్తాడు. జనం టీకి లేచేది సరిగ్గా అప్పుడే.

తుపాను కన్ను ఘట్టం నీ కథలో లేదు, చేర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు జరిగింది ఇదే: కన్ను మీదుగా పోయేటప్పుడు గాలి సద్దుమణుగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ నడుమ బయటికొచ్చినవాళ్లకే ముప్పు. దీన్ని వివరించకు, ఆడి చూపించు. దరువు ఉధృతంగా ఉండగా గుమ్మెటలు, అందెలు టక్కున ఆపేయండి. హాస్యం వంత “అయిపోయింది, పదండి” అంటూ నాలుగడుగులు వేయాలి. జనం కూడా కుదుటపడ్డాక గుమ్మెటలు మళ్లీ అందుకోవాలి, ఇంకా జోరుగా.

వాతావరణ మార్పు గురించి రెండు మాటలు చాలు. బంగాళాఖాతం వేడెక్కేకొద్దీ తుపాను ఉన్నట్టుండి బలపడే అవకాశం ఎక్కువ, తేల్చుకునే వ్యవధి తక్కువ. సముద్రమట్టం పెరిగితే ఉప్పెన ఇంకా లోపలికొస్తుంది. కార్బన్ లెక్కలు మాత్రం వద్దు. ఆ పాపం తెప్ప మీద వేటకెళ్లేవాళ్లది కాదు.

ఏ ఊళ్లో ఆడినా ఒకరోజు ముందే వెళ్లు. తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో, ఏ దారి ముందు మునుగుతుందో, మంచం పట్టిన ముసలివాళ్లను ఎవరు మోస్తారో కనుక్కుని ఆ ఊరి పేర్లతోనే చరణాలు అల్లు. తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే, ఆ సంగతినే హాస్యం వంతకు ఇచ్చెయ్యి. మర్నాటికి తాళం దొరుకుతుంది!

తుపానుల కాలం రాకముందే, ఆగస్టు, సెప్టెంబరుల్లోనే ఆడండి. హెచ్చరిక మోగాక కథ వినే తీరిక ఎవరికుంటుంది? హాస్యం వంత మాటలు తిరగరాసి ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య