తబలా కింద కుదురు

కుండను నేలమీద ఊరికే పెడితే ఏమవుతుంది? ఒరుగుతుంది. అడుగు గుండ్రంగా ఉంటుంది కదా! అందుకే కింద కుదురు పెడతాం. నెత్తిమీద బిందె ఎత్తుకునేటప్పుడు చుట్టకుదురు పెట్టుకుంటాం. ఈ సంగతి మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

తబలా సంగతీ అంతే. తబలా అని ఒక్క పేరుతో పిలుస్తాం గానీ అవి రెండు వాయిద్యాలు. కుడిచేతితో వాయించేది చిన్నది. దాన్ని కొయ్యతో చేస్తారు. ఎడమచేతితో వాయించేది పెద్దది. దాన్ని డగ్గా అంటారు. డగ్గాను రాగితోనో, ఇత్తడితోనో చేస్తారు. మట్టితో చేసినవీ ఉన్నాయి. డగ్గా అడుగు అచ్చం కుండ అడుగులాగే ఉంటుంది. కుదురు లేకపోతే దెబ్బదెబ్బకూ కదులుతుంది. అడుగు నేలకు ఆనితే మోత కూడా అణిగిపోతుంది.

మృదంగానికి ఈ బాధ లేదు. దాన్ని అడ్డంగా పెట్టి వాయిస్తారు.

ఒక ఊళ్లో రామాలయం ఉంది. అక్కడ ప్రతి శనివారం భజన చేస్తారు. డగ్గా కింద గోనెసంచి మడతపెట్టి వాయించేవారు. ఒక రాత్రి భజన మంచి ఊపు మీద ఉంది. గోనె జారింది. డగ్గా అరుగు మీంచి దొర్లి మెట్ల మీద పడింది. తోలు చిరిగింది. కొత్త తోలు వేయించాలంటే పట్నం పోవాలి. చందా వసూలు చేసి, తోలు వేయించి తెచ్చేసరికి నాలుగు శనివారాలు గడిచాయి. అన్నాళ్లూ తాళాలతోనే భజన జరిగింది.

డగ్గా తిరిగి వచ్చిన రోజు ఒకామె అడిగింది. తబలా వాయించేది ఆమె మేనల్లుడే.

"కింద కుదురు పెట్టవేంరా?"

"నీళ్ల బిందె కింద పెట్టేది దేవుడి భజనలో ఏం బాగుంటుంది అత్తా? పట్నంలో కొనుక్కొస్తాలే."

"ఆ కొనే దాంట్లో మాత్రం ఏముంటుందిరా? గుడ్డలో చుట్టిన గడ్డో, పీచో ఉంటుంది. బంగారం పెట్టి కుట్టరుగా!"

అతను మరి మాట్లాడలేదు.

ఆమె రాత్రిబడికి పోతుంది. టేపు మీద అంకెలు చదవడం అక్కడే నేర్చింది. ఇదివరకు అన్నీ జానతోనే కొలిచేది. జాన ఒక్కొక్కరిది ఒక్కో కొలత. టేపు అందరికీ ఒకటే.

ఇప్పుడు లెక్క చూడండి. కుదురు మధ్య ఖాళీ 5 అంగుళాలు ఉండాలి. గడ్డి మందం 2 అంగుళాలు. ఖాళీకి ఆ పక్క సగం, ఈ పక్క సగం మందం కలిపితే అడ్డుకొలత 7 అంగుళాలు అవుతుంది. అడ్డుకొలత 7 ఉంటే చుట్టుకొలత 22. ఇది ఎప్పుడూ తప్పదు. బండిచక్రానికైనా, గాజుకైనా ఇదే లెక్క. గడ్డి కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. దానికి ఇంకో 4 అంగుళాలు. మొత్తం 26 అంగుళాల వెంటి కావాలి.

వరిగడ్డి మీద నీళ్లు చిలకరించాలి. ఎండుగడ్డిని అట్లాగే మెలిపెడితే విరిగిపోతుంది. పిడికెడు పిడికెడు కలుపుతూ బిగువుగా పేనాలి. రెండు కొసల్లోనూ కొంత గడ్డి తీసేసి పలచన చెయ్యాలి. లేకపోతే అతుకు దగ్గర బొడిపె వస్తుంది, డగ్గా ఒకవైపు లేస్తుంది. గుండ్రంగా చుట్టి, పురికొసతో నాలుగైదు చోట్ల కట్టెయ్యాలి.

ఆ తరవాత ఎండబెట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మేనల్లుడూ తొందరపడ్డాడు. "సాయంత్రం భజనకు ఇచ్చెయ్ అత్తా" అన్నాడు. ఆమె ఇవ్వలేదు. తడిగడ్డి మీద గుడ్డ చుడితే లోపల బూజు పడుతుంది. ఆ చెమ్మ కొయ్యకూ, తోలు వారులకూ ఎక్కుతుంది. రెండు రోజులు గట్టి ఎండలో పెట్టింది. చేత్తో నలిపితే గలగలమనాలి. అప్పుడే ఎండినట్టు.

పైన చుట్టడానికి పాత నూలుచీర మంచిది. నైలాన్ చీర జారుతుంది. చీర పొడవునా 3 అంగుళాల వెడల్పు పేలిక చింపాలి. ఒక కుదురుకు 3 గజాలు పడుతుంది. 6 గజాల పేలిక రెండు కుదుళ్లకు సరిపోతుంది. ఒక చుట్టు మీద సగం ఎక్కేలా రెండో చుట్టు వెయ్యాలి. చివర ముడి వెయ్యకూడదు. సూదితో కుట్టెయ్యాలి.

డగ్గాను కుదురు మీద పెట్టి కింద చూడాలి. అడుగు నేలకు తగలకూడదు. చిటికెనవేలు దూరేంత సందు ఉంటే చాలు.

వచ్చే శనివారం డగ్గా కదల్లేదు. మేనల్లుడు మళ్లీ వచ్చాడు. కుడి తబలాకు కూడా కుదురు కావాలన్నాడు. అది ఉంటే తబలాను కొంచెం ముందుకు వంచి పెట్టుకోవచ్చట.

"గడ్డి అక్కడుంది. టేపు ఇక్కడుంది. ఈసారి నువ్వే పేను" అంది అత్త.

వానాకాలం పోగానే గుడ్డ విప్పి ఉతకండి. గడ్డి నల్లబడితే తీసేసి కొత్తది వెయ్యండి. భజన అయ్యాక తబలాలను కుదుళ్లతో సహా పెట్టెలో పెట్టి మూత వెయ్యండి. ఎలుకకు గడ్డీ ఇష్టమే, తోలూ ఇష్టమే.

లెక్క కట్టండి:

మీ ఇంట్లో బిందెకు కుదురు కావాలి. అడ్డుకొలత 14 అంగుళాలు. చుట్టుకొలత ఎంత? కొసలకు 4 అంగుళాలు కలిపితే ఎంత వెంటి పేనాలి?