ఏది తీసుకోవాలి? ఏది వదులుకోవాలి?

పిల్లలూ! మీరు పులిజూదం ఆడారా? సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు తాతగారో, అమ్మమ్మగారో అరుగుమీద సుద్దతో గీసి ఆడించి ఉంటారు. అందులో ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేక పులిని చంపలేదు. కాని మేకలు చుట్టూ చేరి పులిని కదలకుండా చేయగలవు. ఇద్దరి బలాలూ వేరు. అయినా ఇద్దరికీ గెలిచే దారి ఉంది. దీనినే ఆటలో సమతూకం అంటారు.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తయారుచేశారు. బల్లచుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర ధరించి, మాటలతో, పాచికలతో సాహసాలు చేసే ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు.

ఆ మొదటి పుస్తకాలలో వీరుడు ఏ కవచమైనా తొడగవచ్చు, ఏ ఆయుధమైనా పట్టవచ్చు. పూజారి కవచం తొడగవచ్చు గాని, పదునైన ఆయుధం ముట్టరాదు. మాంత్రికుడికి కవచం లేదు. బాకు ఒక్కటే ఆయుధం. మొదట్లో అతనికి రోజుకు ఒకే ఒక్క మంత్రం! అది అయిపోతే స్నేహితుల వెనుక దాక్కోవలసిందే. కాని ఓపికతో ఎదిగితే, ఒక్క మంత్రంతో శత్రువుల గుంపునే ఓడించగలడు.

మరి ఇది సరైన సమతూకమేనా? ఆట చాలాకాలం సాగితే మాంత్రికుడే అన్నీ చేస్తాడని, వీరుడికి పని ఉండదని చాలామంది ఆటగాళ్ళు అన్నారు. ఒక స్నేహితుడు ఊరికే చూస్తూ కూర్చుంటే అది కలిసి ఆడే ఆట ఎలా అవుతుంది? అందుకే తరువాత వచ్చిన పుస్తకాలలో నియమాలను పలుమార్లు మార్చారు.

ఇప్పుడు మనమే ఒక ఆట తయారుచేద్దాం. ప్రతి ఆటగాడికీ 10 గింజలు ఇద్దాం. వాటిని బలం, తెలివి, వేగం అనే మూడు గిన్నెలలో పంచుకోవాలి. దారిలో అన్నీ పోరాటాలే ఉంటే ఏమవుతుంది? అందరూ 10 గింజలూ బలంలోనే వేస్తారు. అప్పుడు ఎంచుకోవడానికి ఏముంది? దారిలో ఒక పొడుపుకథ, కూలిపోతున్న ఒక వంతెన పెట్టి చూడండి. ఇప్పుడు గింజ వేసే ముందు ప్రతివారూ ఆలోచిస్తారు. ఒకరికి లేనిది మరొకరి దగ్గర ఉంటుంది. అందరూ అందరికీ అవసరమవుతారు.

ఏదీ వదులుకోకుండా అన్నీ దొరికితే అది ఎంపిక కాదు. ఒకటి వదులుకుని మరొకటి తీసుకున్నప్పుడే మన ఎంపికకు విలువ.

కొత్త మాటలు
సమతూకం: రెండు వైపులా సరిపోయే తూకం
బాకు: చిన్న కత్తి
ఎంపిక: ఎంచుకోవడం

ప్రశ్నలు
1. పులికి లేని ఏ బలం మేకలకు ఉంది?
2. మాంత్రికుడు మొదట ఏమి వదులుకుంటాడు? తరువాత ఏమి పొందుతాడు?
3. మీ 10 గింజలను ఎలా పంచుతారు? ఎందుకో ఐదు వాక్యాలలో రాయండి.