మీ నాన్నకి చెప్పేముందు

చిన్నీ,

రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టి, పొద్దున్నే తీసేశావు. ఈలోపు నేను చదివేశాను. నా వయసులో రెండింటికి మెలకువ రావడం మామూలే. ఫోన్ చేస్తే "ఏం లేదత్తా, ఊరికే" అని తప్పించుకుంటావని తెలుసు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు బాగోలేదని ఇంట్లో ఎలా చెప్పాలి అని అడిగావు. అంతకుముందు నేనొకటి అడగాలి, సూటిగా. చచ్చిపోదాం అన్న ఆలోచన వస్తోందా? నర్సు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న చాలామందిని అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది ఉత్త భయం. ఎవరో ఒకరు అడిగారు కదా అని ఏడ్చేసి తేలికపడ్డవాళ్ళనే ఎక్కువ చూశాను. వస్తోంది అంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్, ఏ వేళైనా సరే. నేను ఎత్తకపోతే 14416కి చెయ్. అది టెలీ మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన లైను. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. గదిలో ఒక్కదానివే ఉండకు, రూమ్మేటు పక్కన కూర్చో. నీకు నువ్వు ఏమైనా చేసుకుంటావని భయం వేసేది ఏదైనా గదిలో ఉంటే ఆ అమ్మాయి చేతికి ఇచ్చెయ్. ఆగలేనంటే 108. అలాంటప్పుడు నాన్న ఏమనుకుంటాడో అన్న లెక్కే వద్దు.

అలాంటిది లేకపోతే మిగతాది చదువు.

నువ్వు వరస తారుమారు చేసుకున్నావు తల్లీ. ముందు ఇంట్లో ఒప్పించాలి, వాళ్ళు సరే అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అనుకుంటున్నావు. వాళ్ళు ఒప్పుకోవడానికి ఆర్నెల్లు పడితే? అన్నాళ్ళూ నిద్ర లేకుండా, మెస్‌లో తినకుండా, క్లాసుకి పోకుండా ఉంటావా? నీకు పందొమ్మిది నిండాయి. పద్దెనిమిది దాటినవాళ్ళు తమ వైద్యం గురించి తామే నిర్ణయించుకోవచ్చు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ జబ్బు వివరాలు బయటపెట్టకుండా ఉంచడం డాక్టరు బాధ్యత. ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే మాత్రం అవసరమైనంత వరకు చెబుతారు, అది న్యాయమే. కాబట్టి ముందు చూపించుకో. ఇంట్లో చెప్పడం చెప్పడమే, పర్మిషన్ అడగడం కాదు. ఈ ఒక్కటీ మనసులో పెట్టుకుంటే నీ గొంతులో వణుకు సగం తగ్గుతుంది.

ఎక్కడికి వెళ్ళాలంటావా? ముందు మీ కాలేజీలోనే అడుగు. వైజాగ్‌లో నీట్‌కి చదువుకుంటూ చనిపోయిన ఒక పదిహేడేళ్ళ పిల్ల కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. వందమందో అంతకంటే ఎక్కువో విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టాలి అన్నది అందులో ఒకటి. కొన్నిచోట్ల నిజంగానే మంచివాళ్ళు ఉంటారు. కొన్నిచోట్ల మ్యాథ్స్ సారుకే కౌన్సెలర్ అన్న బోర్డు తగిలిస్తారు. గదిలోకి వెళ్ళగానే, "నేను చెప్పింది మా ఇంటికి గానీ హెచ్‌ఓడీకి గానీ చెబుతారా?" అని అడిగెయ్. నీళ్ళు నమిలితే నమస్కారం పెట్టి వచ్చెయ్.

కౌన్సెలర్ ఉన్నా లేకపోయినా ఒకసారి సైకియాట్రిస్టు చూడాలి. మీ నాన్న తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఎర్రగడ్డకి తీసుకెళ్ళమంటావా నిన్ను?" హైదరాబాదులో ఆ ఊరి పేరే తిట్టయి కూర్చుంది. అక్కడున్న మానసిక ఆరోగ్య సంస్థకి రోజూ వచ్చి ఓపీలో చూపించుకుని, సాయంత్రానికి ఇంటికెళ్ళి వంట చేసుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. నీకు అక్కడికి వెళ్ళడం ఇబ్బందైతే గాంధీలోనూ ఉస్మానియాలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. ఆ జనంలో నువ్వు కళ్ళకి వచ్చావో కడుపునొప్పికి వచ్చావో ఎవరికి తెలుస్తుంది?

ఇక మీ నాన్న సంగతి. వాడు నీకు నాన్న కాకముందు నాకు తమ్ముడు, కాబట్టి వాడి గురించి నాకు తెలిసినంత నీకు తెలియదు. నువ్వు చెప్పగానే వాడు ఏమంటాడో నేనే రాసిస్తాను. "ఫోన్ పక్కన పడేస్తే అన్నీ తగ్గుతాయి." "మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి?" "పొద్దున్నే లేచి పని చేస్తే అదే పోతుంది." మూడోది వాడు నిజంగా నమ్ముతాడు. ఎందుకో చెబుతాను, ఇది మన ఇంట్లో ఎవరూ పైకి అనని సంగతి.

వాడికి పన్నెండేళ్ళప్పుడు మిరప తోట మొత్తం తెగులుకి పోయింది. ఆ ఏడాది మీ తాత మంచం ఎక్కాడు. జ్వరం లేదు, దెబ్బ లేదు. తిండి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పొలం వైపు చూడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఊళ్ళో గ్రహచారం అన్నారు, గాలి సోకిందన్నారు, తాయత్తు కట్టించారు. ఏ డాక్టరుకీ చూపించలేదు. మీ నాన్న బడి నుంచి రాగానే పుస్తకాలు పడేసి పొలానికి పోయేవాడు. మరుసటి ఏడాది ఎండాకాలానికి మీ తాత లేచి తిరగడం మొదలుపెట్టాడు, తనంతట తనే. అప్పటినుంచీ మీ నాన్న లెక్క ఒకటే: మనిషి పడిపోతే పక్కవాడు రెండింతలు పనిచెయ్యాలి, పడ్డవాడు ఎలాగో లేస్తాడు. నువ్వు "నాకు బాగోలేదు" అన్నప్పుడు వాడి కళ్ళకి కనబడేది నువ్వు కాదు, ఆ మంచం. భయపడతాడు. భయపడ్డప్పుడు అరవడం వాడికి చిన్నప్పటినుంచీ అలవాటు.

ఇదంతా నువ్వు వాణ్ణి క్షమించాలని రాయలేదు. రెండు పనికొచ్చే విషయాలున్నాయి ఇందులో. మొదటిది, డాక్టరు "ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా?" అని అడుగుతారు. డిప్రెషన్ అనే ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో ఎక్కువ కనబడుతుంది, అందుకే అడుగుతారు. తాత సంగతి చెప్పు. రెండోది, మీ నాన్న దగ్గర "నాకు డిప్రెషన్" అని మొదలుపెట్టకు. వాడికి అది టీవీలో వినబడే మాట. "మూడు వారాలుగా తెల్లారి నాలుగింటిదాకా నిద్ర పట్టడం లేదు, నాలుగు కిలోలు తగ్గాను, చదివిన పేజీ మళ్ళీ చదివినా బుర్రకెక్కడం లేదు" అని చెప్పు. రైతుకి లక్షణం చెబితే అర్థమవుతుంది. డాక్టర్లు అడిగేదీ దాదాపు ఇదే: కనీసం రెండు వారాలుగా, రోజులో ఎక్కువసేపు, దిగులు గానీ దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉందా, నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఒంట్లో ఓపిక ఎలా ఉన్నాయి, నేనెందుకూ పనికిరాను అనిపిస్తోందా అని. ఇవన్నీ చెప్పేటప్పుడు నోట మాట రాకపోవచ్చు. ముందే తేదీలతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టుకో. అదే కాగితం డాక్టరుకీ పనికొస్తుంది.

ఎప్పుడు చెప్పాలి? రిజల్ట్స్ వచ్చిన వారంలో వద్దు, బ్యాక్‌లాగ్‌కి సాకు వెతుకుతున్నావంటాడు. మిర్చి ఖమ్మం మార్కెట్‌కి వేసిన రోజు అసలే వద్దు. దావత్‌లో, చుట్టాల ముందు వద్దు. ఆదివారం పొద్దున టీ తాగాక, వాడొక్కడే ఉన్నప్పుడు, డాక్టరుకి ఒకసారి చూపించుకున్నాక చెప్పు. అడిగేది ఒక్కటే ఉండాలి, చిన్నది ఉండాలి. "వచ్చే గురువారం నాతో హాస్పిటల్‌కి రా నాన్నా" అను. "నన్ను అర్థం చేసుకో" అని అడిగితే ఏం చెయ్యాలో వాడికి తెలియదు. బస్సెక్కి రమ్మంటే వస్తాడు.

మొదటి రోజు అరుస్తాడు. అరవనివ్వు, ఎదురు వాదించకు, "మళ్ళీ మాట్లాడదాం" అని లేచి వచ్చెయ్. వాడి మొదటి మాట ఎప్పుడూ చివరి మాట కాదు. నన్ను నర్సింగ్‌లో చేర్చేటప్పుడు వద్దని గొడవ చేసిందీ వాడే, నా పెట్టె మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చిందీ వాడే. కానీ చెయ్యి ఎత్తినా, చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానన్నా అది వేరే సంగతి. అప్పుడు అక్కడ ఉండనక్కర్లేదు, నా దగ్గరికి వచ్చెయ్. వరంగల్ బస్సు ఎక్కడం నీకు కొత్తేం కాదు.

మీ అమ్మ ఏడుస్తుంది. తర్వాత దిష్టి తీస్తుంది, గుడికి తీసుకెళ్తుంది, ఆ తర్వాత పెళ్ళి సంబంధాల గురించి బెంగ పెట్టుకుంటుంది. గుడికి రమ్మంటే వెళ్ళు, ఆమెకి అదే తెలిసిన వైద్యం. ప్రసాదం తిను, మాత్ర కూడా వేసుకో. మాత్ర మానెయ్యమంటే మాత్రం వినకు. ఓపీ చీటీ పెళ్ళిళ్ళ బ్రోకరు దాకా పోదని నేను చెబుతానులే ఆమెకి.

మాత్రల గురించి ఇంట్లో ఎవరు ఏమన్నా నన్ను అడుగు. అందరికీ మందులు రాయరు. జబ్బు తేలికగా ఉంటే క్లినికల్ సైకాలజిస్టుతో కొన్ని సిట్టింగులతోనే చాలామందికి తగ్గుతుంది. రాస్తే మాత్రం అవి నిద్రమాత్రలు కావు, అలవాటుపడే మత్తూ కాదు. వేసిన మర్నాడే ఏమీ మారదు, గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు. నీ వయసువాళ్ళలో కొందరికి మొదట్లో అలజడి పెరుగుతుంది, చనిపోవాలన్న ఆలోచనలూ ఎక్కువ కావచ్చు. అలా అనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడమంటారు. బాగున్నాను కదా అని నువ్వే ఆపెయ్యకూడదు. ముందు థైరాయిడ్, రక్తం పరీక్షలు రాయొచ్చు, హార్మోన్ తగ్గినా, రక్తహీనత ఉన్నా ఒళ్ళు ఇలాగే చతికిలబడుతుంది. ఆ పరీక్షల కాగితాలు మీ నాన్నకి చూపించు. కాగితం మీద అంకెలుంటే వాడు నమ్ముతాడు.

అటెండెన్స్ సంగతి దాచకు. మీ జేఎన్‌టీయూలో 75 శాతం కావాలి, 65 దాకా తగ్గితే తగిన కారణం, రుజువు ఉంటే కండొనేషన్ ఇస్తారు, దానికి ఫీజు కట్టాలి. 65 కిందికి పోతే డిటెయినే. అందుకే ప్రిస్క్రిప్షన్లు, ఓపీ చీటీలు ఒక కవర్లో దాచు, డాక్టర్ని మెడికల్ సర్టిఫికెట్ అడుగు. దాని మీద జబ్బు పేరు ఎంతవరకు రాయాలో కూడా అప్పుడే మాట్లాడుకో. ఒక సెమిస్టర్ పోయినా పోనీ అని నాకుంది గానీ, ఆ మాట ఇప్పుడే మీ నాన్న చెవిన వెయ్యకు.

డబ్బులు నేను పంపుతున్నాను, ఎందుకని ఎవరికీ చెప్పనక్కర్లేదు. గవర్నమెంటు ఆసుపత్రి ఓపీలో పెద్ద ఖర్చేమీ ఉండదు. ప్రైవేటులో చూపించుకుంటానంటే అదీ సరే. మొదటిసారి నీతో నేను వస్తాను. వచ్చే మంగళవారం పొద్దున బస్సులో దిగుతాను. ఓపీ మధ్యాహ్నానికల్లా అయిపోతుంది కాబట్టి ఎనిమిదింటికల్లా తయారుగా ఉండు. ఆధార్ కార్డు తెచ్చుకో, ఇంతకుముందు ఎప్పుడైనా వాడిన మందుల చీటీలుంటే అవీ పట్టుకురా. హాస్టల్ వార్డెన్‌కి అత్త వస్తోంది, బయటికి తీసుకెళ్తుంది అని ఈ రోజే ఔటింగ్ రాయించుకో.

నీ అత్త