బాలింతకు చెమటలు: ఏది సహజం, ఏది ప్రమాదం?



కాన్పు అయిన మూడు నాలుగు రోజులకు చాలామంది తల్లులు మా వార్డులో అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, రాత్రి పడుకుంటే జాకెట్టు, దుప్పటి తడిసిపోతున్నాయి. నాకేమైనా జబ్బా?" ఎక్కువమంది విషయంలో ఇది జబ్బు కాదు. కానీ కొద్దిమందికి ఆ చెమట వెనుక ప్రాణానికి ముప్పు తెచ్చే కారణం ఉంటుంది. ఈ రెంటికీ తేడా ఇంట్లోవారందరూ తెలుసుకోవాలి.

చెమటలు ఎందుకు పడతాయి?

గర్భిణీగా ఉన్నప్పుడు తల్లి ఒంట్లో రక్తం 40 నుండి 50 శాతం వరకు పెరుగుతుంది. నీరు కూడా నిలువ ఉంటుంది. కాన్పు తర్వాత ఆ అదనపు నీటితో పనిలేదు కాబట్టి అది మూత్రం ద్వారా, చెమట ద్వారా బయటకు పోతుంది. మాయ పడిపోగానే ఈస్ట్రోజెన్ అనే హార్మోను కూడా ఒక్కసారిగా తగ్గిపోతుంది. అందువలన ఒంటి వేడిని అదుపుచేసే ఏర్పాటు కొంత తడబడి, ఉక్క లేకపోయినా చెమట పోస్తుంది. ఇది మొదటి రెండు వారాలలో ఎక్కువగా ఉండి, కొన్ని వారాలలో క్రమంగా తగ్గుతుంది. పాలిచ్చే తల్లులలో కొందరికి మరికొంత కాలం ఉండవచ్చు.

ఇంటివద్ద ఏమి చేయాలి?

1. నీళ్ళు ఆపవద్దు. "బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది, కుట్లు చీము పడతాయి" అని కొన్ని ఇళ్ళలో గుక్కెడు నీళ్ళకు కూడా లెక్క పెడతారు. ఇది సరికాదు. నీళ్ళు ఆపితే చెమట ఆగదు. నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, మూత్రం మంట పుడుతుంది. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. మజ్జిగ, పప్పుకట్టు మంచివే. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరుగారు చెప్పిన ప్రకారం తాగాలి.

2. గదిలోకి గాలి రానివ్వండి. ఫ్యాను వేసుకోవచ్చు. తలుపులు, కిటికీలు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. దాని విషవాయువు తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం.

3. వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. పక్క మీద పాత నూలు చీర మడతపెట్టి పరిస్తే, తడిసినప్పుడు తీసి మార్చడం సులభం.

4. రోజూ గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయాలి. రొమ్ముల కింద, గజ్జలలో, కుట్ల దగ్గర మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టుకోవాలి. రుద్దవద్దు.

5. మిరియాలు, కారం, వేడి కాఫీ కొందరికి చెమటను పెంచుతాయి. అటువంటివారు తగ్గించుకోవాలి.

జ్వరం విడిచిందనుకోవద్దు

"చెమట పట్టింది, జ్వరం విడిచింది" అని మనవాళ్ళు ఊరట పడుతుంటారు. బాలింత విషయంలో ఈ మాట నమ్మి ఆలస్యం చేయవద్దు. గర్భసంచికి చీము పట్టినా, మాత్ర వేసిన కాసేపటికి చెమట పోసి ఒళ్ళు చల్లబడవచ్చు. లోపలి జబ్బు మాత్రం అలాగే ఉండి రక్తంలోకి పాకుతుంది. కాబట్టి నుదురు తాకి చెప్పకండి. ఇంట్లో ఒక థర్మామీటరు ఉంచుకోండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, లేక అంతకు మించి చూపితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి.

వెంటనే రావలసిన గుర్తులు

* చలి వణుకు, పొత్తికడుపు నొప్పి, మైల దుర్వాసన, రొమ్ము ఎర్రబడి నొప్పిపెట్టడం.

* గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తస్రావం, చల్లని చెమట, కళ్ళు తిరగడం.

* ఒక కాలి పిక్క వాచి నొప్పిపెట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం.

* మగతగా ఉండడం, మాట తడబడడం. జ్వరం లేకపోయినా ఇది ప్రమాదమే.

రక్తస్రావం, ఆయాసం, ఛాతీ నొప్పి, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి.

వారాలు గడిచినా చెమట తగ్గక, గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు ఉంటే క్షయ కోసం కఫం పరీక్ష అవసరం. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది ఉచితం.

ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో రావలసి ఉంటుంది. ఆమెతో చెమటల సంగతి దాచకుండా చెప్పండి.

అత్తగార్లకు, భర్తలకు మా మనవి ఒక్కటే. పై గుర్తులు రాత్రిపూట కనిపిస్తే "తెల్లారనివ్వండి, చూద్దాం" అనవద్దు. ఏ వేళ వచ్చినా మా ప్రసూతి వార్డు తలుపు తెరిచే ఉంటుంది.