ఖాళీ గడి సున్నా కాదు

మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటి తరం మాది. ఈ వార్షికోత్సవ సంచికలో మేము చేసిన ఒక పొరపాటునే మీకు పాఠంగా చెబుతున్నాం.

పదో తరగతి తమ్ముళ్లకు మూడు పరీక్షలు పెట్టాం. మార్కులను వాళ్లే నోట్‌ప్యాడ్‌లో పట్టికగా టైపు చేశారు. సగటు 35 కంటే తక్కువ ఉన్నవారి జాబితా తీయడానికి మేము పైథాన్‌లో ప్రోగ్రాం రాశాం. జాబితా నోటీసు బోర్డు ఎక్కింది. సాయంత్రం ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, నేను రాసిన రెండూ పాసయ్యాను కదా. మూడోదానికి జ్వరమొచ్చి రాలేదు" అన్నాడు. అతని మార్కులు 42, 38. సగటు 40 రావాలి. ఖాళీ గడిని మా ప్రోగ్రాం సున్నాగా తీసుకుని 26.67 చూపింది. తప్పు మాది, తలవంపు అతనిది.

ఇలా ఎందుకు జరిగిందో చూద్దాం.

1. మనం టైపు చేసినదంతా కంప్యూటరుకు మొదట అక్షరాలే. అక్షరాలుగా ఉన్న 42కు 38 కలిపితే 80 రాదు, 4238 వస్తుంది. 'ఫ్లోట్' అనే ఆజ్ఞతో వాటిని సంఖ్యలుగా మార్చాలి.

2. ముందు వరుసను 'స్ప్లిట్'తో గడులుగా విడగొట్టాలి. ఏ గుర్తూ ఇవ్వకపోతే అది ఖాళీల దగ్గర విడగొడుతుంది. అప్పుడు ఖాళీ గడి మాయమై పక్క మార్కు దాని చోటికి జరుగుతుంది. కామా దగ్గర విడగొట్టమంటే ఖాళీ గడి ఖాళీగానే నిలుస్తుంది. అయితే 1,250 వంటి సంఖ్య రెండు ముక్కలవుతుంది. కాబట్టి ప్రతి వరుసలో గడులు లెక్కపెట్టండి.

3. ౩౮ అని తెలుగు అంకెల్లో రాసినా పైథాన్ 38గానే చదువుతుంది. కానీ సున్నాకు బదులు ఇంగ్లీషు 'ఓ' అక్షరం కొడితే 'వాల్యూ ఎర్రర్' వస్తుంది. ఖాళీ గడికీ అదే వస్తుంది. "ఎర్రర్ వస్తే సున్నా వేయి" అని మేము రాసిన ఒక్క వాక్యమే ఆ తమ్ముణ్ణి జాబితాలోకి ఎక్కించింది.

4. గడి ఖాళీగా ఉంటే 'నన్' అని ఉంచండి. అంటే విలువ లేదని అర్థం. రాసిన పరీక్షల మొత్తాన్ని రాసిన పరీక్షల సంఖ్యతోనే భాగించండి. ఒక్కటీ రాయకపోతే సగటు తీయకండి.

5. చదవలేని గడి వస్తే ఊహించకండి. ఏ వరుస, ఏ గడి అన్నది తెరపై చూపించి, టైపు చేసినవారినే అడగండి. 0కు తక్కువ, 100కు ఎక్కువ ఉన్నవాటినీ అలాగే ఆపండి.

చివరిగా ఒక మాట. జాబితా అంటించే ముందు రెండు మూడు వరుసలు చేత్తో లెక్కవేసి చూడండి, ముఖ్యంగా ఖాళీ గడి ఉన్న వరుస. మేము ఆ ఐదు నిమిషాలు పెట్టి ఉంటే ఆ తమ్ముడు నోటీసు బోర్డు ముందు తలదించుకునేవాడు కాదు. మర్నాడు జాబితా సరిచేసి, క్షమాపణ కూడా అక్కడే అంటించాం.