పట్టా కాదు, అతుకు కారుతోంది

ఈ నెల సలహా దాదాపు అంతా వడ్ల మీదే. మిగతా పంటలకు చివర ఒక్కో మాట. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా రోడ్డు పక్కన వడ్లు పరిచి ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ కాస్తోంది, పొద్దుగూకేసరికి మొగులు పడుతోంది. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను మర్నాటికల్లా మన సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం, వరంగల్ జిల్లాల్లో కుండపోతై కురిసింది. కల్లాల్లో వడ్లు తడిశాయి, కోతకొచ్చిన చేలు పడిపోయాయి. సముద్రం మనకు దూరమన్న ధీమా ఇక పనికిరాదు.

సుడిదోమ గురించీ మెడవిరుపు గురించీ ఇంకా ఫోన్లు వస్తున్నాయి. గింజ గట్టిపడి, రంగు తిరిగిన చేనుకు ఇప్పుడు ఏ మందు కొట్టినా దండగే. గింజకు మెరుపు వస్తుందని, తూకం పెరుగుతుందని అంటగట్టే టానిక్కులు అంతకన్నా దండగ. కోతకు వారం ముందు కొట్టిన మందు గింజ మీద మిగిలిపోతుంది. ఆలస్యంగా నాటి ఇంకా పాలదశలో ఉన్న చేలుంటే దుబ్బు మొదట్లోకి వంగి చూసి నిర్ణయం తీసుకోండి. ఆ నిర్ణయం చేలో జరగాలి, మందుల దుకాణం ముందు కాదు.

అసలు సంగతికొస్తాను. పోయిన వారం కోదాడ దగ్గర ఒక కల్లానికి వెళ్లాను. రాత్రి గంటసేపు వాన పడింది. రైతు ఆ సాయంత్రమే కొన్న కొత్త పట్టా కప్పాడు. పొద్దున తీస్తే కుప్ప మీద రెండు తడి చారలు, తాడు పట్టి గీసినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. మిగతా కుప్ప పొడిపొడిగా ఉంది. “దొంగ పట్టా అంటగట్టిండు సార్” అన్నాడు. గుడ్డ మంచిదే. చారలు పడ్డది సరిగ్గా రెండు అతుకుల కింద.

నేను చూసిన తడి కుప్పల్లో ఎక్కువ వాటి కథ ఇదే. పట్టా అంటే హెచ్‌డీపీఈ సన్న పట్టీలను మగ్గం మీద నేసి, రెండు వైపులా పల్చగా పాలిథిన్ పూసిన గుడ్డ. పూత బాగుంటే దాని గుండా చుక్క దిగదు. కానీ మగ్గం వెడల్పుకు ఒక హద్దు ఉంటుంది. ఆరు మీటర్ల వెడల్పు పట్టా కావాలంటే చాలాసార్లు మూడు ముక్కలు కలపాలి. ఆ కలిపేది వేడి గాలితో కరిగించి అతికిస్తే ఒకటే గుడ్డ అవుతుంది. మిషను మీద కుట్టేస్తే జల్లెడ అవుతుంది. సెంటీమీటరుకు ఒక కుట్టు వేసుకున్నా ఎనిమిది మీటర్ల అతుకుకు 800 రంధ్రాలు. రెండు వరుసల కుట్టు, రెండు అతుకులు అంటే 3,200 రంధ్రాలున్న పట్టాను కుప్ప మీద పరుస్తున్నామన్న మాట. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1823లో చార్లెస్ మాకింటోష్ రబ్బరు పెట్టిన గుడ్డకు పేటెంటు తీసుకున్నాడు. దర్జీలు ఆ గుడ్డతో వాన కోట్లు కుడితే సూది పోటు పడ్డచోటల్లా నీళ్లు దిగాయి. ఇన్నేళ్లయినా మన కల్లాల్లో అదే జరుగుతోంది.

కొనేటప్పుడు రంగు చూడకండి. నీలమా, పసుపా, నలుపా అన్నది నాణ్యత చెప్పదు. మైక్రాన్లని డీలరు చెప్పే మాట అంతకన్నా నమ్మకండి. 250 జీఎస్ఎం పట్టాను చేతికిచ్చి “500 మైక్రాన్లు” అనేవాళ్లను నేనే చూశాను. నిజంగా 500 మైక్రాన్ల పాలిథిన్ షీటైతే చదరపు మీటరు సుమారు 470 గ్రాములు తూగుతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అన్నదే కాబట్టి దానికి కాంటా చాలు. ఎనిమిది మీటర్లు పొడవు, ఆరు మీటర్లు వెడల్పు అంటే 48 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం అయితే పన్నెండు కిలోలు ఉండాలి. ఏడు కిలోలు తూగితే అది 150 జీఎస్ఎం కూడా కాదు. కొలత కూడా టేపు పెట్టి చూసుకోండి. అంచు మడతకు ముందున్న కొలత బిల్లు మీద వేసి, మడిచాక తగ్గిన పట్టా ఇవ్వడం మామూలైపోయింది. నేసిన హెచ్‌డీపీఈ పట్టాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 7903. ఆ అంకె పట్టా మీద అచ్చు వేసి ఉందో లేదో చూడండి. ఏ ముద్రా లేకుండా నోటిమాటగా ఐదేళ్ల గ్యారంటీ అంటే దానికి విలువ లేదు.

తూకం అయ్యాక పట్టాను సూర్యుడికెదురుగా పట్టి అతుకు పొడవునా చూడండి. వెలుతురు చుక్కలుగా కనపడితే నీళ్లూ అక్కడే దిగుతాయి. తర్వాత అతుకుకు అటూ ఇటూ ఉన్న ముక్కలను రెండు చేతులతో పట్టి గట్టిగా లాగండి. అతుకు పెచ్చులా ఊడివస్తే వేడి సరిపోలేదని అర్థం. మంచి అతుకు ఊడదు, పక్కన గుడ్డ సాగుతుంది. ఇంకా అనుమానముంటే అతుకు అడుగున ఉండేలా పట్టాను దొప్పలా పట్టి బిందెడు నీళ్లు పోసి, కింద పొడి బూడిద చల్లి అరగంట ఆగండి. ఇంత ఓపిక లేదనే డీలరు దగ్గర కొనకండి.

ఇప్పుడు కప్పే తీరు. ఇక్కడే ఎక్కువమంది తప్పుతున్నారు. కుప్పను పొడవుగా పోసి, పట్టా పొడవును కూడా అదే వైపు పరుస్తారు. అప్పుడు అతుకులు కుప్ప వాలుకు అడ్డంగా పడతాయి. వాలున జారే ప్రతి చుక్కా అతుకును దాటాలి. మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి వరసగా ఎక్కి ఉంటే ఒక వైపు వాలులో అతుకు పెంకుల మాదిరి కిందికి తెరుచుకుని ఉంటుంది, రెండో వైపు నోరు పైకి తెరుచుకుని నీళ్లు మింగుతుంది. ఒక వాలు పొడిగా, ఇంకో వాలు తడిగా ఉన్న కుప్పను మీరూ చూసే ఉంటారు. పట్టాను అడ్డం తిప్పండి. అతుకులు కుప్ప కొప్పు నుంచి నేల దాకా నిలువుగా దిగాలి. నీళ్లు అతుకు వెంబడి జారాలి తప్ప అతుకును దాటకూడదు. నాలుగు మీటర్ల అడుగు, మీటరున్నర ఎత్తు ఉన్న కుప్పకు ఒక్కో వాలు రెండున్నర మీటర్లు వస్తుంది. ఎనిమిది మీటర్ల వైపు అడ్డంగా వేస్తే రెండు పక్కలా మీటరున్నర నేల మీద మిగులుతుంది. అది చాలు. పొడవు చాలకపోతే పెద్ద కుప్ప పోయకండి, రెండు పోయండి.

రెండు పట్టాలు కలపాల్సి వస్తే గోనె సంచిలా దబ్బనంతో కుట్టకండి. రెండు అంచులను కలిపి పట్టుకుని చాపలా మూడు చుట్లు చుట్టి, ఇసుక సంచులు బరువు పెట్టండి. ఒక్క రంధ్రం లేకుండా అతుకు తయారవుతుంది. నడుమ మేకులు కొట్టడం, తాడు కోసం నడుమన కొత్త రింగులు వేయించడం మానండి. రింగులుండాల్సింది అంచు మడతలోనే.

కింద పరిచే పట్టా సంగతి ఇంకా ఘోరంగా ఉంది. అడుగు పట్టా బయటకు చాచి, దాని మీదకు పై పట్టా అంచు వదులుతారు. పై నుంచి జారిన నీళ్లన్నీ అడుగు పట్టా మీద పడి నేరుగా కుప్ప కిందికి పారతాయి. వడ్లు కింద నుంచి తడిసి మొలకెత్తుతాయి, పైకి ఏమీ కనపడదు. కుప్ప పోశాక అడుగు పట్టా అంచును పైకి మడిచి కుప్పకు ఆనించండి, పై పట్టా దాన్ని పూర్తిగా దాటి నేలకు దిగాలి. చుట్టూ జానెడు లోతు కాలువ తీయండి. అడుగుకు పాత ఫ్లెక్సీలు వాడుకోవచ్చు, పైకి మాత్రం వద్దు. ఎండకు తొందరగా పగులుతాయి.

ఎంత మంచి పట్టా అయినా పచ్చి వడ్లను కాపాడదు. కోత మిషను నుంచి వచ్చిన వడ్లలో తేమ తరచూ 20 శాతం పైనే ఉంటుంది. గాలి ఆడకుండా కప్పితే కుప్ప వేడెక్కుతుంది, ఆవిరి పట్టా లోపల చెమటలా పట్టి మళ్లీ వడ్ల మీదే పడుతుంది. పట్టా కారిందని దుకాణం మీదకు పోయిన కొందరి కుప్పల్లో జరిగింది ఇదే. వాన ఆగిన వెంటనే, రాత్రయినా సరే, రెండు కొసలూ ఎత్తి గాలి తగలనివ్వండి. తడిసిన వడ్లను ఆరబెట్టే దారి లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచండి. పడిపోయిన చేలో, కోసిన పనల మీద గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టండి. ఈ నెలలో వడ్లకు నేను చెప్పే పిచికారీ ఇదొక్కటే. చింట్ల రకం వడ్లను పచ్చిగానే మిర్యాలగూడ మిల్లుకు తోలేవాళ్లు ట్రాక్టరు మీద పట్టా బిగించి రాత్రంతా క్యూలో ఉంచకండి, ఆగినప్పుడల్లా ఒక అంచు వదులు చేయండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం, దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. ఒక్క రాత్రి తడి ఆ 5 శాతాన్ని దాటించేస్తుంది.

పాత పట్టాకు చిల్లులు పడితే డీలర్లు ఇప్పుడు డబ్బాల్లో ఏదో వాటర్‌ప్రూఫ్ ద్రావణం అమ్ముతున్నారు. అతుకు మీద పిచికారీ చేస్తే చాలట. పాలిథిన్‌కు ఏ జిగురూ, ఏ పూతా గట్టిగా పట్టదు. సైకిల్ ట్యూబు సొల్యూషన్ కూడా అంతే, ఎండకు పొరలా లేచిపోతుంది. లారీ కవర్లు, ఫ్లెక్సీలు పీవీసీ కాబట్టి వాటికి సొల్యూషన్ పనిచేస్తుంది. మీది ఏదో తెలియకపోతే గోరంత ముక్క కత్తిరించి గ్లాసు నీళ్లలో వేయండి. తేలితే పాలిథిన్, మునిగితే పీవీసీ. పాలిథిన్ పట్టాకు అదే గుడ్డ ముక్కను, మూలలు గుండ్రంగా కత్తిరించి, వేడి గాలి గన్నుతో పైనా కిందా అతికించాలి. లైటరు మంట పెడితే రంధ్రం పెద్దదవుతుంది. సీజను అయ్యాక ఏటా ఒకే గీత మీద మడవకండి, ఆ గీత వెంబడి పూత పగులుతుంది. పీవీసీ పైపుకు చుట్టి, ఎలుకలు అందని చోట వేలాడదీయండి.

విత్తనానికి దాచే పెసలు, కందులు ఉన్నవాళ్లకు ఒక మాట. గాలి చొరని మూడు పొరల సంచులు వచ్చాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కామెరూన్ రైతుల అలసందల కోసం రూపొందించినవి ఇవి. లోపల రెండు పాలిథిన్ సంచులు, బయట నేసిన సంచి. లోపలి ప్రాణవాయువును పురుగే వాడేసుకుని ఊపిరాడక చస్తుంది, మందు బిళ్ల అక్కర్లేదు. ఇక్కడా అంతా మూతి కట్టడంలోనే ఉంది. గాలి పిండేసి, మూతిని మెలిపెట్టి, వంచి, రెండో ముడి వేయాలి. లోపలి పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా కట్టాలి. తడి గింజ పోస్తే మాత్రం బూజు పడుతుంది.

2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డప్పటి నుంచి సొంత నీటి కుంటల గురించి అడిగేవాళ్లు ఉన్నారు. షీటు 500 మైక్రాన్లది వేయించండి. నేసిన షీటైతే ఐఎస్ 15351 ముద్ర చూడండి. కుంటలో కూడా అతుకులు గట్టు మీద నుంచి అడుగుకు నిలువుగా దిగాలి. రెండు గీతల వెల్డింగు చేయించి, నడుమనున్న సందులోకి గాలి కొట్టి, గేజీ ముల్లు పడిపోతుందేమో మీ ముందే చూపించమనండి. అది చూపించని కాంట్రాక్టరుకు డబ్బు ముట్టచెప్పకండి.

పత్తి: మంచు ఆరాక తీయండి, యూరియా సంచుల్లో నింపకండి, తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. మిర్చి: నల్ల తామర పురుగుకు నాలుగు మందులు కలిపి కొట్టడం ఆపండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టి ముందు లెక్క చూడండి. కంది: పూతలో మారుకా గూళ్లు కనపడితేనే మందు. బత్తాయి: పాదుల్లో నిలిచిన నీళ్లు ఈ రోజే తీసేయండి.

అనుమానముంటే గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలకు పట్టా ముక్క పట్టుకొని వెళ్లి అడగండి. కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్న పాత పట్టాను రేపు పొద్దున ఎండకెదురుగా పట్టి అతుకులు చూడండి. కొనక తప్పకపోతే కాంటా మీద పెట్టించి కొనండి. పన్నెండు కిలోలు తూగని 8-6 పట్టాకు 250 జీఎస్ఎం ధర ఇవ్వకండి.